మంచి మాట కూడా సదఖాయే

(కలిదిండిలో జరిగిన సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉపాధ్యాయ ప్రసంగ పాఠం)

సృష్టికర్త అయిన అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాను.

  

సొసైటీ పెద్దలు నన్ను 'కుటుంబంలో మంచి మాట' అనే అంశం మీద మాట్లాడమన్నారు. మంచిగా మాట్లాడాలని తెలియనివాళ్లు ఈ హాల్లో ఒక్కరూ లేరు. అది చెప్పడానికి మైకు కూడా అక్కర్లేదు. అందరికీ తెలిసిన ఈ విషయం మన ఇళ్లలో ఎందుకు జరగడం లేదు? అదీ ప్రశ్న. నాకు తోచిన సమాధానం ఇది. మంచి మాట అంటే నోటి పని అని మనం అనుకుంటున్నాం. కానీ అది ముందు కంటి పని, చెవి పని. ఎదుటి మనిషి వైపు తిరిగి, అతను చెప్పేది పూర్తిగా విన్నాకే మన నోటికి సరైన మాట వస్తుంది. వినకుండా చెప్పిన మాట ఎంత తీయగా ఉన్నా ఎదుటివారికి అందదు.

మన ప్రాంతం వాళ్లకు ఈ సంగతి చేపల చెరువుతో చెబితే తొందరగా అర్థమవుతుంది. మబ్బు పట్టిన రోజు రాత్రి రైతుకు నిద్ర పట్టదు. నీటిలో ఆక్సిజన్ తగ్గితే తెల్లవారుజామున శీలావతులు, బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అది చూడగానే రైతు పరుగు పెడతాడు. రొయ్యల చెరువైతే మేత వేశాక చెక్ ట్రే ఎత్తి ఎంత తిన్నాయో, ఎంత మిగిలిందో చూస్తాడు. నీటి రంగు కాస్త మారినా గట్టు మీద నుంచే పసిగడతాడు. నోరు లేని జీవి కష్టాన్ని చూపుతోనే కనిపెట్టే నేర్పు మన వాళ్లది.

అదే మనిషి ఇంటికి వస్తాడు. పదో తరగతి చదివే కూతురు నాలుగు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన చెడ్డవాడు కాదు. రేయింబవళ్లు కష్టపడేది ఆ పిల్ల కోసమే. కానీ గట్టు మీద అంత చురుగ్గా పనిచేసే కళ్లు గడప దాటేసరికి అలిసిపోతున్నాయి. ఇంట్లో వాళ్లు ఎలాగూ ఉంటారులే అనే ధీమా మనల్ని గుడ్డివాళ్లను చేస్తోంది.

మన మాట తీరు కూడా గమనించండి. 2022లో మన మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. మనం కృష్ణాకూ గోదావరికీ మధ్యలో ఉన్నవాళ్లం. ఇక్కడ 'అండీ' లేకుండా మాట పూర్తి కాదు. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవాళ్లలో చిన్న పిల్లల్ని కూడా 'ఆప్' అని పిలిచే కుటుంబాలున్నాయి. ఎంత మంచి అలవాటు! కానీ మేత కొట్టు యజమానితో, బ్యాంకు ఆఫీసరుతో, ఎదురింటి వాళ్లతో అన్నేసి అండీలు పలికే మనం, ఇంట్లో అడుగు పెట్టగానే ఆ అండీని చెప్పులతోపాటు బయట విడిచేస్తాం. పరాయివాళ్లకు మర్యాద, సొంతవాళ్లకు విసుగు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఈ లెక్కను తిరగేశారు. తన ఇంటివారితో ఉత్తమంగా మెలిగేవాడే మీలో ఉత్తముడని బోధించారు. మనిషి గుణానికి పరీక్ష బజారులో కాదు, వంటింటి గుమ్మంలో పెట్టారన్నమాట.

ఆయన జీవితం నుంచి మూడు సంగతులు గుర్తు చేస్తాను. ఇవి మీరు విన్నవే. అయితే ఈసారి 'విని ఊరుకోవడం' కాకుండా 'వినడం ఎలా' అనే కోణంలో చూద్దాం.

మొదటిది. ఆయన ఎవరి వైపైనా తిరిగితే మొత్తం శరీరంతో తిరిగేవారని, మెడ మాత్రం తిప్పి ఊరుకునేవారు కాదని ఆయన రూపురేఖలను, అలవాట్లను వర్ణించే హదీసుల్లో ఉంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఒక్కసారి చేసి చూడండి. టీవీ వైపు శరీరం, భార్య వైపు చెవి పెట్టి వినడానికీ, కుర్చీ తిప్పుకుని కూర్చుని వినడానికీ ఎంత తేడా ఉందో ఆమె ముఖంలోనే కనిపిస్తుంది.

రెండోది. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి ఆయనకు పదకొండు మంది స్త్రీల కథ చెప్పారు. ఒక్కొక్క స్త్రీ తన భర్త ఎలాంటివాడో చెప్పుకున్న కథ అది. బుఖారి, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. చదివితే తెలుస్తుంది, చాలా పొడవైనది. ఒక సమాజాన్ని నడుపుతున్న నాయకుడు, యుద్ధాలు, ఒప్పందాలు, రాయబారాల మధ్య ఉన్న మనిషి ఆ కథను చివరిదాకా విన్నారు. విన్నట్టు రుజువేమిటంటే, చివరి స్త్రీ ఉమ్మె జర్అ కథను పట్టుకుని, ఆమెకు ఆమె భర్త ఎలాంటివాడో నీకు నేను అలాంటివాడినని ఆయిషాతో ప్రేమగా అన్నారు. మధ్యలో పరధ్యానంలో ఉన్నవారు అలా అనలేరు.

మూడోది. అనస్ (రజి)కి ఒక తమ్ముడు. చిన్న పిల్లవాడు. వాడొక బుల్లి పిట్టను పెంచుకున్నాడు. అది చనిపోయింది. ఆ ఇంటికి వెళ్లినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆ పిల్లవాణ్ణి పెద్దవాళ్లను పిలిచినట్టు అబూ ఉమైర్ అని పిలిచి, ఆ పిట్ట సంగతి అడిగారు. పెద్దవాళ్ల దృష్టిలో పిట్ట ఎంత? పిల్లవాడికి ఆ రోజు అదే లోకం. పిల్లలతో మాట్లాడటమంటే వాళ్ల లోకంలో జరిగినదాన్ని అడగడం. మనం అడిగేది 'మార్కులెన్ని' అనే ఒక్క ప్రశ్న.

ఆ అనసే పదేళ్ల వయసు నుంచి పదేళ్లపాటు ఆయనకు సేవ చేశారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా తనను విసుక్కోలేదని, ఎందుకు చేశావు, ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని తర్వాత చెప్పుకున్నారు. పదేళ్ల పిల్లవాడు పనిలో పొరపాట్లు చేయకుండా ఉంటాడా? పొరపాట్లు ఉన్నాయి, విసుగు లేదు.

ఇప్పుడు నా వృత్తి నుంచి ఒక సంగతి. బి.ఇడి. చదివినవాళ్లకు మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త పేరు తెలిసి ఉండొచ్చు. ఆమె 1970లలో తరగతి గదుల్లో జరిగే సంభాషణల్ని రికార్డు చేసి పరిశీలించారు. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను మాత్రమేనని తేలింది. ఆ లోపు జవాబు రాకపోతే ఇంకొకర్ని అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లకు పెంచితే ఏమైంది? పిల్లల జవాబులు పొడవయ్యాయి. 'తెలియదు' అనే జవాబులు తగ్గాయి. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. కొత్త పుస్తకాలు కొనలేదు, కొత్త గది కట్టలేదు. కాసేపు ఆగారు, అంతే.

ఈ మూడు సెకన్ల లెక్క ఇంట్లో ఇంకా ఎక్కువ అవసరం. "ఏరా, అలా ఉన్నావేం?" అని అడుగుతాం. వాడు గొంతు సవరించుకునేలోపే "ఎప్పుడూ ఆ ఫోనేగా, ఉండకేం చేస్తావ్" అని జవాబు మనమే చెప్పేస్తాం. వాడు చెప్పదలచుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. ఇలా పది సార్లు జరిగాక పిల్లవాడు చెప్పడం మానేస్తాడు. అప్పుడు మనం, వీడు మాతో ఏదీ చెప్పడండీ అని మేష్టారి దగ్గరకు వస్తాం.

ఆ ఫోను సంగతి కూడా వచ్చింది కాబట్టి చెబుతాను. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త 1970లలో చేసిన ఒక ప్రయోగం ప్రసిద్ధమైనది. కొన్ని నెలల పసిబిడ్డతో తల్లి ముందు మామూలుగా ఆడుతుంది. తర్వాత కాసేపు అదే తల్లి బిడ్డ ఎదురుగానే ఉండి, ముఖంలో ఏ కదలికా లేకుండా చూస్తుంది. బిడ్డ నవ్వి పిలుస్తుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది, చివరికి ముఖం పక్కకు తిప్పుకుని ఏడుస్తుంది. తల్లి ఎక్కడికీ వెళ్లలేదు. అక్కడే ఉంది. కానీ బిడ్డకు ఆమె లేనట్టే. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు. ఇవాళ మన ఇళ్లలో ఆ ప్రయోగం రోజూ జరుగుతోంది. ఫోను చూస్తున్న తండ్రి ముఖం, ఫోను చూస్తున్న తల్లి ముఖం పిల్లలకు అలాంటి ముఖాలే. పిల్లలు ఫోనుకు అలవాటు పడ్డారని బాధపడే ముందు, వాళ్లు మొదట చూసిన ఫోను ఎవరి చేతిలో ఉందో ఆలోచించండి.

ఇలా చెబితే కొందరికి కోపం రావచ్చు. "మాస్టారూ, మాకు తీరికెక్కడ? రాత్రి చెరువు కాపలా, తెల్లారితే పని" అని అడుగుతారు. నిజమే. నేను గంటలు అడగడం లేదు. ప్రభుత్వ బడుల్లో రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరుగుతోంది. 2024 డిసెంబరు 7న ఒకసారి, 2025 జూలై 10న మరోసారి జరిగింది. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లులను చూశాను. చేతికి చేపల వాసన పోలేదని వెనక నిలబడ్డ తండ్రులను చూశాను. అలా వచ్చిన పది నిమిషాలకే ఆ పిల్లల నడక మారిపోతుంది. పిల్లలకు కావలసింది రోజంతా కాదు. ఆ పది నిమిషాలూ పూర్తిగా తమవి కావాలి.

మన దగ్గర చాలా కుటుంబాల్లో తండ్రో తల్లో గల్ఫ్‌లో ఉన్నారు. బిడ్డల్ని నానమ్మ, అమ్మమ్మ సాకుతున్నారు. వాళ్లు ఇంటికి దూరంగా ఉన్నారు కాబట్టి ఈ మాటలు వాళ్లకు వర్తించవా? ఇంకా ఎక్కువ వర్తిస్తాయి. కువైట్‌లో రాత్రి 9 గంటలైతే మనకు 11.30. పని ముగించుకుని వాళ్లు ఫోను చేసేసరికి ఇక్కడ పిల్లలు నిద్రపోతుంటారు. మేలుకుని ఉన్నా మాటంతా డబ్బు అందిందా, అప్పు ఎంత తీరింది, ఇంటి స్లాబు ఎప్పుడు అనేదే. పిల్లవాడి వంతు వచ్చేసరికి "బాగా చదువుకో" అన్న మాటతో ఫోను పెట్టేస్తారు. మీ బంధువులు అక్కడుంటే వాళ్లకు ఒక మాట చెప్పండి. శుక్రవారం సెలవు రోజున పిల్లలు మేలుకుని ఉన్న వేళ ఫోను చేయమనండి. మొదటి పది నిమిషాలు పిల్లలకు ఇచ్చి, డబ్బు సంగతి తర్వాత మాట్లాడమనండి. నిన్న బడిలో ఏం ఆడావని అడిగి, జవాబు కోసం ఆగమనండి.

ఇంకో కష్టం మగవాళ్ల మౌనం. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతుల ఇళ్లలో ఎంత దిగులు కమ్ముకుందో మీకు తెలుసు. అలాంటి రోజుల్లో భర్త ఇంటికొచ్చి భార్యకు ఏమీ చెప్పడు. "ఏమైందండీ?" అని ఆమె అడిగితే "నీకెందుకు" అని కసురుకుంటాడు. అప్పు సంగతి చెబితే ఆమె భయపడుతుందని ఆయన అనుకుంటాడు. ఆమెకు భయం ఎలాగూ తెలుస్తుంది, కారణమే తెలియదు. తన వల్లే ఏదో తప్పు జరిగిందనుకుని కుమిలిపోతుంది. నష్టం చెరువుకు వచ్చింది, కసురు భార్యకు ఎందుకు? ఉన్న సంగతి నెమ్మదిగా చెప్పండి. బరువు ఇద్దరు మోస్తే సగమవుతుంది. ఇంట్లో ఎవరి దిగులైనా మాటలతో తీరేది కాదనిపిస్తే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడవచ్చు. సిగ్గు పడవలసింది ఏమీ లేదు.

మెత్తగా మాట్లాడితే పిల్లలు పాడైపోతారని, ఆడవాళ్లు నెత్తికెక్కుతారని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. దానికి ఖుర్ఆన్‌లోనే సమాధానం ఉంది. తానే దేవుణ్ణని విర్రవీగిన ఫిరౌన్ దగ్గరకు మూసా, హారూన్ (అలైహిమస్సలాం)లను పంపినప్పుడు కూడా అల్లాహ్ వారిని మృదువుగా మాట్లాడమని ఆదేశించాడు. విషయం తప్పించమనలేదు, గొంతు మార్చమన్నాడు. ఫిరౌన్‌తోనే మెత్తగా మాట్లాడమంటే, మన ఎనిమిదో తరగతి పిల్లవాడు ఫిరౌన్ కంటే చెడ్డవాడా? తప్పు చూపించండి, తప్పక చూపించండి. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి, వాడు చెప్పేది విన్నాక చూపించండి. బడిలో చదువుకునే పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషిద్ధమని 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షను చెబుతోంది. మాట కూడా గాయం చేస్తుందని చట్టమే ఒప్పుకుంది.

చివరిగా మన సొసైటీ పని దగ్గరకు వస్తాను. ఇది చెప్పకుండా కూర్చుంటే నా ప్రసంగం సగమే అవుతుంది.

మేము పాఠం చెప్పే పిల్లల్లో తండ్రి లేని ఒక అబ్బాయి ఉండేవాడు. రోజూ ముందు బెంచీలో కూర్చునేవాడు. ఒక రంజాన్ తర్వాత వారం రోజులు బడికి రాలేదు. కనుక్కుంటే సంగతి తెలిసింది. వాళ్లమ్మ రేషను సంచీ అందుకుంటున్న ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఒక పక్క సంచీ పట్టుకుని ఆరుగురు పెద్దమనుషులు, ఇంకో పక్క ఆమె ఒక్కతే, తల వంచుకుని. తోటి పిల్లలు ఆ ఫోటో చూపించి ఆటపట్టించారు. ఆ సంచీ ఇచ్చింది ఏ సంస్థో చెప్పను. ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇచ్చినవాళ్ల మనసులో చెడు లేదని నాకు తెలుసు. పది కిలోల బియ్యం ఆ ఇంటికి చేరాయి. కానీ ఆ తల్లి మరుసటి సంవత్సరం ఆ పంపకానికి వెళ్లలేదు. అవసరం తీరి కాదు.

దానం చేసి మనసు నొప్పించడం కంటే, మంచి మాట చెప్పి పంపడమే మేలని బఖరా సూరా బోధిస్తోంది. జకాత్‌కు లెక్క ఉంది, రెండున్నర శాతం. మన కోశాధికారి గారు పైసాతో సహా రాసి చూపిస్తారు, మాషాఅల్లాహ్. మంచి మాటకు లెక్కల పుస్తకం లేదు. కానీ అది కూడా సదఖాయేనని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. ఆ పద్దు రాసే దేవదూతలు వేరే ఉన్నారు.

ఇంకో ఘట్టం గుర్తు చేసి ముగిస్తాను. మక్కాలో ఒకసారి దైవప్రవక్త (సఅసం) ఖురైషు నాయకులతో మాట్లాడుతున్నారు. వాళ్లు దారికొస్తే ఎందరికో మేలు జరుగుతుందన్నది ఆయన ఆశ. అంతలో అబ్దుల్లా ఇబ్ను ఉమ్మె మక్తూం (రజి) అనే అంధుడు వచ్చి తనకు బోధించమని అడిగారు. ఆ సమయంలో ఆయన ముఖం చిట్లించి, చూపు పక్కకు మరల్చారు. దాని మీద అబస సూరా అవతరించింది. ఆలోచించండి. ముఖం చిట్లించినట్టు ఆ అంధుడికి కనిపించదు. ఒక్క కటువైన మాట కూడా పలకలేదు. అయినా అల్లాహ్ దాన్ని గమనించి ప్రళయం దాకా చదివే గ్రంథంలో ఉంచాడు. తర్వాత దైవప్రవక్త (సఅసం) ఆయన్ను ఎంతో గౌరవించారు. మదీనాలో అజాన్ పలికే బాధ్యత ఆయనకూ అప్పగించారు. తాము ఊళ్లో లేనప్పుడు మదీనా బాధ్యత కూడా ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు పేదవాడు వస్తే మన ముఖం ఎలా ఉంటుందన్నది చిన్న విషయం కాదని మనకు తెలియడానికే ఆ సూరా ఉంది.

అందుకని ఈ సభ ముందు మూడు చిన్న ప్రతిపాదనలు పెడుతున్నాను. పెద్దలు ఆలోచించండి. ఒకటి, ఈసారి రంజాన్ పంపకంలో తీసుకునేవారి ఫోటోలు వద్దు. లెక్క కోసం సంతకం చాలు, సావనీరు కోసం సంచీల ఫోటో చాలు. రెండు, వరసలో నిలబెట్టకుండా కుర్చీలు వేద్దాం. వీలున్న చోట మనమే ఇళ్లకు వెళ్లి ఇద్దాం. మూడు, ఇచ్చేటప్పుడు "చాచీ, ఎలా ఉన్నారు? మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా ఆగుదాం. మూడు సెకన్లు. ఆ జవాబులో ఒక్కోసారి బియ్యం కంటే పెద్ద అవసరం బయటపడుతుంది. మందులో, మనవరాలి ఫీజో, లేదా మాట్లాడే మనిషో.

ఈ పని నేర్చుకునే చోటు మాత్రం ఇల్లే. ఇంట్లో అమ్మ పిలిస్తే ఫోను పక్కన పెట్టి తిరిగి చూడనివాడు, పంపకం రోజున ఎవరి చాచీ వైపూ తిరిగి చూడలేడు.

అల్లాహ్ మన నాలుకలకు మృదుత్వాన్ని, మన చెవులకు ఓపికను ప్రసాదించుగాక. దూరాన ఉన్న మనవాళ్లను క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక. మన వల్ల ఏ తల్లీ తల వంచుకోకుండా కాపాడుగాక. ఆమీన్.